ఎక్కువైన నాలుగో డిస్కు

చిట్టికి,

అమ్మ ముద్దులు, ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. నువ్వు కుండీలో పెట్టి వెళ్లిన గులాబీ కూడా కులాసాయే, ఈ వారం మొగ్గ వేసింది. నువ్వూ, నీ గదిలో ఉండే ఆ రెండో నర్సమ్మాయీ వేళకు తిని వేళకు పడుకుంటున్నారని తలుస్తాను. ఆస్పత్రి డ్యూటీలు చేసేవాళ్లకు వేళేమిటిలే, ఉత్తరమన్నాక రాయాలి కాబట్టి రాశాను.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబు చెబుతాను. ఏ పుస్తకమిచ్చినా చివరి పేజీ ముందు చదివేసే మనిషివి నువ్వు. ఈసారికి ఆ పని చేయకు.

మోకాలి నొప్పి తగ్గింది. ప్యాకింగు బల్ల దగ్గర మా సూపర్‌వైజరమ్మ ఎత్తు స్టూళ్లు వేయించింది. కింది వాటా పిన్ని బాగానే ఉంది, ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని నీకు తెలుసుగా. నేను రోజూ ఆలస్యంగా ఇంటికి వస్తున్నానని నీకు ఫోన్లో చెప్పింది ఆవిడేనని నాకు అర్థమైంది. ఆ విషయం కూడా చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

ఇక మా ఫ్యాక్టరీ నుంచి నీకు పంపిన టీవీ సీరియల్ డిస్కుల డబ్బా సంగతి. అట్టపెట్టె మూల నొక్కుకుపోయిందన్నావు, అది పోస్టువాళ్ల పుణ్యం. లోపల ట్రేలు గట్టిగా ఉన్నాయి, ఒక్క డిస్కు మీద కూడా గీత లేదన్నావు, ఆ మాటకు నా కడుపు నిండింది. కానీ కథలోని లాయరమ్మ తీర్పు వినడానికి కోర్టు మెట్లెక్కుతుండగా నాలుగో డిస్కు అయిపోయిందనీ, ఐదోదని తీసి పెడితే అదీ నాలుగోదేననీ, మీరిద్దరూ నెత్తి కొట్టుకున్నారనీ రాశావు. ఎవరో కునుకు తీస్తూ ప్యాక్ చేసి ఉంటారు, ఆ మహానుభావులెవరో కనుక్కుని నా తరఫున చీవాట్లు పెట్టమన్నావు. కనుక్కున్నాను. చీవాట్లూ పెట్టాను. ఎవరన్నది తర్వాత చెబుతాను.

ముందు నీకు మా ఫ్యాక్టరీలో కిందటేడు జరిగిన తమాషా చెప్పాలి. ప్లాస్టిక్ ట్రేలు ఖరీదని ఆఫీసువాళ్లు వాటిని మానేసి అట్ట జేబులు పెట్టించారు. డబ్బా చూడటానికి పెళ్లిపీటల మీది అల్లుడిలా ఉండేది. లోపల డిస్కు మాత్రం జేబులోంచి లాగినప్పుడల్లా గీసుకుపోయేది. పైగా ఎండాకాలంలో అట్ట జిగురు కరిగి డిస్కుకు అంటుకునేది. కొన్నవాళ్లు డబ్బాలన్నీ తిప్పి పంపారు. గోడౌను పక్కన ఒక చిన్న గదిలో వాటిని గుట్టలుగా పోశారు. ఏ డిస్కు ఎక్కడ ఆగుతోందో, ఎందుకు ఆగుతోందో చూసి చెప్పడానికి ఇద్దరు మనుషులు కావాలన్నారు. కళ్లు మంచివని నన్ను వేశారు. చెవులు మంచివని ఇంకొకాయన్ని వేశారు.

ఆయన్ని మా దగ్గర అందరూ చెవుల మాస్టారంటారు. ఒకప్పుడు సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపేవారట. ఇప్పుడు మా యంత్రాలు బాగుచేస్తారు. భార్య పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఆ గదిలో పద్ధతేమిటంటే, నేను తెర చూస్తాను, ఆయన కళ్లు మూసుకుని ధ్వని వింటారు. తేడా పట్టినవాళ్లు చెయ్యెత్తాలి. ఇద్దరూ ఎత్తితేనే దాన్ని లోపంగా రాసుకోవాలి. మాట్లాడటానికి వీల్లేదు, మాట్లాడితే ఏదో ఒకటి జారిపోతుంది. అలా ఏడు డిస్కుల సీరియల్‌ని ఎన్ని డబ్బాల్లో ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. లాయరమ్మ ఎక్కడ ఏడుస్తుందో, ఎక్కడ తలుపు వేస్తుందో నాకు కంఠతా వచ్చేసింది.

మొదట్లో నాకు విసుగొచ్చేది. ఒక మనిషి పక్కన ఉలుకూ పలుకూ లేకుండా కూర్చోవడమంటే నాకెంత కష్టమో నీకు తెలుసు. పోనుపోను ఏం జరిగిందంటే, తేడా వచ్చేముందే ఇద్దరి చేతులూ ఒకేసారి లేవడం మొదలైంది. ఒకసారి లాయరమ్మ తన తల్లి గదిలో దీపం ఆర్పే సీన్ వచ్చింది. డిస్కులో ఏ లోపమూ లేదు. నాకు మీ నాన్న గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాను. కళ్లు మూసుకున్న మనిషికి ఎలా తెలిసిందో, బొమ్మ ఆపి, బయటికి వెళ్లి టీ తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ అడగకుండా మళ్లీ కళ్లు మూసుకున్నారు.

మీ నాన్న పోయాక మనింట్లో టీవీ మోగుతూనే ఉండేది కానీ చూసినవాళ్లం ఎవరమూ లేము. నువ్వు చదువుకునేదానివి, నేను గోడకేసి చూసేదాన్ని. ఇన్నేళ్లకు నేను మళ్లీ ఒక కథ చూశాను.

ఆ తర్వాత ఆఫీసువాళ్లకు బుద్ధొచ్చి ట్రేలు మళ్లీ తెప్పించారు. వాపసులు తగ్గాయి. అందరూ సంతోషించారు, నేను కూడా పైకి సంతోషించాను.

ఇప్పుడు అసలు మాట. నీకు పంపిన డబ్బా నేనే ప్యాక్ చేశాను. మా అమ్మాయికి పోయేది కదా, ఇంకొకరి చెయ్యి పడటమెందుకని పట్టుబట్టి చేశాను. మా ముందు డిస్కులు వరుసగా ఏడు కట్టలుంటాయి. ఎడమనుంచి కుడికి చెయ్యి దానంతటదే పోతుంది. నాలుగోది ట్రేలో నొక్కుతుండగా మాస్టారు వచ్చి బల్ల పక్కన నిలబడ్డారు.

"ఆ గది మూసేస్తున్నారటండీ," అన్నారు. "మనిద్దరం కూర్చుని చూసుకోవడానికి ఇంకో గది వెతుక్కుందామా? ఇల్లయినా ఫరవాలేదు."

నేను ఆయన ముఖం చూశాను. చెయ్యి మాత్రం ఆగకుండా మళ్లీ నాలుగో కట్టలోంచే తీసి ఐదో ట్రేలో పెట్టేసింది. డిస్కు తక్కువైతే తూకం యంత్రం కూతపెడుతుంది. ఎక్కువైన నాలుగు, తక్కువైన ఐదు బరువులో ఒకటే కదా, దానికేం తెలుస్తుంది. నీ డబ్బా అప్పుడే పోస్టుకు వెళ్లిపోయింది. సాయంత్రం నా ముందు ఐదో డిస్కు ఒకటి మిగిలేసరికి తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మాస్టారూ నేనూ ఇంకా పోస్టుకు వెళ్లని ఆనాటి డబ్బాలన్నీ మళ్లీ విప్పి చూశాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చాకే తెలిసింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక్క డబ్బా తప్పు పెట్టాను, అది తిన్నగా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే నా కూతురికే చేరింది.

ఆలస్యంగా వస్తున్నది అందుకే. పని అయ్యాక బస్టాపు దాకా కలిసి నడుస్తున్నాం. ఆ రోజు మాత్రం ఆయనకు ఒక్కటే మాట చెప్పాను, "మా అమ్మాయిని అడగాలండీ," అని.

"అడగండి. నాకు వినడం అలవాటే, ఆగుతాను," అన్నారు.

నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడుగుతావు, ఒంటరిగా ఎందుకమ్మా, ఉద్యోగం మానేసి నా దగ్గరికి వచ్చేయ్ అని. నేను ప్రతిసారీ దాటవేస్తాను. ఈసారి దాటవేయను. నాకు రావాలని లేదు చిట్టీ. నాకిక్కడ సంతోషంగా ఉంది. ఈ ఒక్క మాట రాయడానికి ఇంత కాగితం పట్టింది. మీ నాన్నను మరిచిపోయానని మాత్రం అనుకోకు. ఆయన కుర్చీ ఆయన కుర్చీయే, మనింట్లో నీ గదిలో కిటికీ దగ్గర పెట్టాను, అందులో ఎవరూ కూర్చోరు. నువ్వు వద్దంటే ఈ సంగతి ఇక్కడితో ఆపేస్తాను. మనసు కష్టపడదని అబద్ధం చెప్పను, కానీ నీ మీద కోపం మాత్రం రాదు. నీకు ఏమనిపిస్తే అది దాచకుండా రాయి.

ఈ ఉత్తరంతోపాటు ఐదో డిస్కు పంపుతున్నాను. ప్యాక్ చేసింది ఆయన, పక్కన నిలబడి నంబరు చూసింది నేను. తీర్పు ఏమవుతుందో చెప్పను, చూసుకో. ఎక్కువైన నాలుగోది కంపెనీకి తిరిగివ్వాలి. దాన్ని పోస్టులో వేయకు, ట్రే లేకుండా వస్తే గీతలు పడతాయి. సెలవు దొరికినప్పుడు నువ్వే చేత్తో పట్టుకురా. ఆ చిన్న గదిలోని కుర్చీలు రెండూ పారేస్తుంటే మాస్టారు అడిగి తెచ్చి, మన ముందు గదిలో టీవీకి ఎదురుగా వేశారు. నువ్వు ఒప్పుకునేదాకా వాటిలో కూర్చోవద్దని చెప్పాను. మూడోది ఎలాంటిది కావాలో వచ్చి చెప్పు, కొని ఉంచుతాం.

ఇట్లు,
ఒకే ఒక్క డబ్బా తప్పు ప్యాక్ చేసిన
మీ అమ్మ