నీలం రంగు కింద బోల్టు

ఏమండీ, మామయ్యగారి పాత కారు కొంటానని పదింటికి వచ్చేవాణ్ణి వెనక్కి పంపేయండి. బండి స్టార్ట్ కాకపోవడానికి కారణం స్టార్టర్ కాదు, అది బాగానే ఉంది. కారుకి రంగు వేస్తూ, బ్యాటరీ ఎర్త్ వైరుని బాడీకి బిగించే బోల్టు కింద కూడా మీరు రంగు పూసేశారు. రంగులోంచి కరెంటు ఎలా పోతుంది మహానుభావా! పొద్దున్నే బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజనుకి వేరే వైరు వేసి తాళం తిప్పితే వెంటనే అందుకుంది. ఆ బోల్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించండి.

మోటార్లకు వైండింగ్ చేసే పెళ్లాన్ని ఇంట్లో పెట్టుకుని, నెలంతా ఊళ్లో మెకానిక్కులందరి చుట్టూ తిరిగారు. నన్నొక్క మాట అడిగితే మీ సొమ్మేం పోయేది?

సాయంత్రం నన్ను పని దగ్గర్నుంచి తీసుకెళ్లడానికి ఆ కారులోనే రండి.

అన్నట్టు, నాకిష్టమని ఆ నీలం కోసం ఆరు షాపులు తిరిగారట, పెయింటు షాపాయన చెప్పాడు. బోల్టు కింద తప్ప ఇంకెక్కడా గీకకండి.