మూడు ఫ్యాన్ల కార్డు

పిడుగుకి,

కంప్యూటర్లకు ప్రాణం పోసే మా ఇంటి ఆడపడుచుగారి సముఖానికి వదిన పెట్టుకునే అర్జీ. మన పాత కంప్యూటర్ కన్ను మూసింది. మంగళవారం పొద్దున స్విచ్ నొక్కగానే టప్‌మని శబ్దం, వెనకాలే కాలిన ప్లాస్టిక్ వాసన. మీ అన్నయ్య వంటింట్లోంచి గరిటెతో పరుగెత్తుకొచ్చి, డబ్బా దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, "పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది" అని తేల్చేశారు. గరిటె ఏమిటంటావా? ఈ మధ్య ఆయనకు వంట మీద మనసు పుట్టింది. ఉప్పు సంగతి ఇంకా అంతంతమాత్రమే గానీ, నేను నోరు మూసుకుని తింటున్నాను.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోన్లో నువ్వు నన్ను ఊపిరి తీసుకోనివ్వవు. ఒక ప్రశ్నకు జవాబు చెప్పేలోపు ఇంకో మూడు వేస్తావు. కాగితం మీదైతే నేను చెప్పదలుచుకున్నది చెప్పి ఊరుకోవచ్చు.

కాబట్టి విను. కొత్తది నువ్వే దగ్గరుండి బిగించి పంపాలి. గ్రాఫిక్స్ కార్డు ఆ మూడు ఫ్యాన్లున్న పెద్దదే పెట్టు. బిల్డర్ల కోసం, ఇంకా కట్టని ఇళ్ళకు గోడ మీద ఎండ పడుతున్నట్టు, కిటికీలోంచి చెట్టు కనబడుతున్నట్టు బొమ్మలు తయారు చెయ్యాలంటే అలాంటి కార్డు ఉండాలని మీ అన్నయ్య ఎన్నాళ్ళుగానో అంటుండేవారు కదా. ప్రాసెసర్ దానికి దీటుగా ఉండాలి. పవర్ సప్లై ఈసారి గట్టిది. ర్యామ్ నీకు తోచినంత. ఇదంతా పెట్టాక మన దగ్గర పెద్దగా ఏమీ మిగలదు కాబట్టి, మానిటర్ మాత్రం మీ కొట్లో మూల పడి ఉన్నది ఏదైనా సరే, దుమ్ము దులిపి పంపు. నా పనికంటావా, పిల్లల పుస్తకాల్లో ఏనుగులూ కుందేళ్ళూ. వాటికి ఏ స్క్రీనైతేనేం.

మీ అన్నయ్యని అడిగాను. "నీ ఇష్టం" అన్నారు. కాబట్టి ఇది ఇద్దరి మాటా అనుకో.

నీ బిగింపుకు వంక పెట్టే ధైర్యం లేని,
వదిన


వదినా,

నీ అర్జీ చదివాను, కొట్టేశాను. కోపం తెచ్చుకోకు, కారణాలు చెబుతాను.

మా కొట్టుకి ఎవరొచ్చినా నేను మొదట అడిగేది ఒకటే, దీంతో ఏం పని చేస్తారని. పని తెలిస్తే పార్టులు వాటంతటవే తేలతాయి. ఇళ్ళ బొమ్మలు చేసేవాళ్ళకు కార్డు ముఖ్యం, స్క్రీను తర్వాత. నీలా పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్ళకు స్క్రీనే ప్రాణం. అక్కడ కనిపించిన రంగు అచ్చులో రాకపోతే ఎంత వేసీ ఏం లాభం? నీ పనికి ఆ కార్డు కొనడమంటే ఇల్లు మార్చే లారీ వేసుకుని కూరగాయలకు వెళ్ళడమే. పోనీ, ఇంట్లో ఇద్దరూ పనిచేస్తారు కదా, ఇద్దరికీ పనికొచ్చేలా చూద్దామని, ప్రస్తుతం చేతిలో ఏమేం పనులున్నాయో చెప్పమని నీకు మెసేజ్ పెట్టాను. నువ్వు ఏనుగు గురించి నాలుగు లైన్లు, కుందేలు గురించి రెండు లైన్లు పంపావు. ఇళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

సరేనని అన్నయ్యకే ఫోన్ చేశాను. "ఏ కార్డు పెట్టమంటావు?" అన్నాను. "మీ వదిన ఏది చెబితే అది" అన్నాడు. "మరి క్యాబినెట్?" అంటే "ఏదైనా పర్లేదులే" అన్నాడు. వదినా, మాట్లాడింది అన్నయ్యేనా అని ఫోన్లో నంబరు మళ్ళీ చూసుకున్నాను. స్విచ్ నొక్కితే చప్పుడు బాగాలేదని క్యాబినెట్‌ని రెండుసార్లు వెనక్కి పంపిన మనిషి మా అన్నయ్య. ఫ్యాను గాలి లోపలికి లాగాలా, బయటికి తొయ్యాలా అన్న దాని మీద నాతో మాటలు మానేసిన మనిషి. నాకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం నేర్పిందే అన్నయ్య. అలాంటివాడు నాతో పోట్లాడకుండా కంప్యూటర్ కొంటున్నాడంటే నాకు భయంగా ఉంది.

ఏమైంది? మీ ఇద్దరికీ మాటల్లేవా? అన్నయ్యకు పనులు రావడం లేదా? నువ్వు నిజం రాసేదాకా ఒక్క స్క్రూ కూడా బిగించను. ఆదివారంలోపు రాయకపోతే బస్సెక్కి వచ్చి మీ రెండు గదుల్లో ఒకటి ఆక్రమించి కూర్చుంటాను. బెదిరింపు కాదు, ముందస్తు సమాచారం.

బోలెడంత ప్రేమతోనూ, అంతకు మించిన అనుమానంతోనూ,
పిడుగు


బంగారు తల్లీ,

రాకు. నువ్వు వస్తే ఆయన దాక్కోవడానికి ఈ ఇంట్లో చోటు లేదు. ఫోన్లో చెప్పడానికీ లేదు, ఎంత గొంతు తగ్గించినా పక్కగదిలోకి వినబడుతుంది. అందుకే రాస్తున్నాను, కూర్చుని చదువు.

మీ అన్నయ్య కుడి చెయ్యి వణుకుతోంది. పోయిన చలికాలం నుంచీ. కిటికీ బొమ్మ మూల మీద బాణం గుర్తు నిలవడం లేదని మొదట మౌస్ మార్చారు. తర్వాత బల్ల కదులుతోందని కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టారు. ఆ తర్వాత తప్పు కుర్చీదన్నారు. నేనూ నమ్మాను, నమ్మితే బాగుండుననిపించి. ఒకరోజు ఒక బిల్డరు ఆఫీసులో అందరి ముందూ కాఫీ కప్పు ఎత్తబోయి ప్లాను మీద ఒలకబోసుకున్నారు. ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చుని, చెయ్యి నా ముందుకు చాపి "చూడు" అన్నారు. చూశాను. అప్పుడు వెళ్ళాం డాక్టరు దగ్గరికి. ప్రాణానికేం భయం లేదు, అది ముందు చెబుతున్నాను. మందులు వాడితే ఇంతకన్నా ఎక్కువ కాదట, కానీ పూర్తిగా పోదట. సన్నపని ఇక కష్టమే అన్నాడు డాక్టరు, ఎంతో మెల్లగా, మర్యాదగా. ఆ మర్యాదకే నాకు ఏడుపొచ్చింది.

ఎడమ చేత్తో ప్రయత్నించారు. బొమ్మలో ఒక్క గోడ నిలబెట్టడానికి ఒక పూట పట్టేది. ఆ తర్వాత బిల్డర్లు ఫోన్ చేస్తే "ఖాళీ లేదండీ" అనడం మొదలుపెట్టారు. ఖాళీ లేని ఆ పెద్దమనిషి ఇంట్లో బట్టలు ఆరేస్తారు, కూరగాయలు బొటనవేలంత ముక్కలుగా తరుగుతారు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. "పిడుగు నా చెయ్యి చూసి పని నేర్చుకుంది. దానికి ఈ చెయ్యి ఎలా చూపించను?" అన్నారు. ఆ ఒట్టు ఇవాళ తీసి గట్టున పెట్టాను. నువ్వు భయంగా ఉందని రాశాక ఇంకా దాచడం నా వల్ల కాలేదు.

ఇక కార్డు సంగతి. కంప్యూటర్ కాలిపోయిన రోజు ఇద్దరం కూర్చుని కొత్తదానికి ఏమేం కావాలో అనుకుంటున్నాం. "గ్రాఫిక్స్ కార్డు" అని నేను ఆగాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఆ పెద్ద కార్డు వద్దు అనే మాట నా నోట్లోంచి వస్తే దానికి ఒక్కటే అర్థం, నీ పని ఇంక అయిపోయింది అని. డాక్టరు అన్నాడు, అనుకోనీ. బిల్డర్లు ఫోన్లు చెయ్యడం మానేశారు, పోనీ. నేను అనలేను పిడుగూ. నా వల్ల కాదు. అందుకే "మూడు ఫ్యాన్లదే" అన్నాను. ఆయన "నీ ఇష్టం" అన్నారు.

ఇంత చెప్పాక నా సంగతి మాత్రం దాచడం ఎందుకు. నా స్క్రీనులో శుభ్రంగా బూడిదరంగులో కనిపించిన ఏనుగు అచ్చులో వంకాయరంగులో వచ్చింది. ఎడిటరమ్మ మొదటిసారి నవ్వింది. రెండోసారి నవ్వలేదు. పది పుస్తకాల వరస ఒకటి నాకే ఇద్దామనుకుంటున్నారట, రంగులు కుదురుతాయన్న నమ్మకం మాత్రం కావాలంది, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానంది. ఇప్పుడు మా ఇల్లు గడిచేది ఆ ఏనుగుల మీదే. ఇది ఆయనకు చెప్పలేదు. చెబితే కార్డు తీసేయమంటారు. తీసేశాక ఆ బల్ల వైపు చూసినప్పుడల్లా ఆయన మొహం ఎలా ఉంటుందో నేను చూడలేను. అంతకంటే బతికినంతకాలం వంకాయరంగు ఏనుగులు వేసుకోవడం నయం. నువ్వు నేను రాసిన పార్టులే పెట్టి పంపు. స్క్రీనుతో నేను ఎలాగో తంటాలు పడతాను. ఆయనతో ఏమీ తెలియనట్టే మాట్లాడు, నా మీద ఏమాత్రం ప్రేమున్నా.

వదిన


పిడుగూ,

చెబుతున్నది నేను, రాస్తున్నది మీ వదిన. చెప్పింది చెప్పినట్టు రాయాలి, ఒక్క మాట మార్చకూడదని షరతు పెట్టాను. ఆఖర్న నేనే చదివి చూసుకుంటాను.

(మార్చను. కానీ మధ్యమధ్య నా మాట కూడా రాస్తాను. వదిన.)

నిన్న మీ వదిన మందుల కొట్టుకు వెళ్ళినప్పుడు ఎడిటరమ్మ ఫోన్ చేసింది. నేనే ఎత్తాను. ఏనుగు సంగతీ, పది పుస్తకాల సంగతీ ఆవిడ నోటితోనే విన్నాను. "మీ ఆవిడ బొమ్మలంటే పిల్లలు పడి చస్తారండీ, ఈ రంగుల దగ్గరే నాకు మాట వస్తోంది" అంది. మీ వదిన తిరిగి వచ్చేసరికి నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. పోట్లాడాను. చాలాకాలానికి కదా, బాగానే పోట్లాడాను.

(చెప్పులు కూడా విప్పనివ్వలేదు.)

అప్పుడు బయటపెట్టింది, నీకు అంతా రాసేశానని. ఆ కోపం విడిగా ఉంది, దాని సంగతి తర్వాత చూస్తాను. ముందు ఇది విను. ఆ కార్డు అక్కర్లేదని నాకు మొదటి రోజే తెలుసు. డాక్టరు చెప్పకముందే నా చెయ్యి చెప్పింది. మరి ఎందుకు ఊరుకున్నానంటే, "మూడు ఫ్యాన్లదే" అన్నప్పుడు మీ వదిన గొంతు విన్నాను. నేను బాగైపోతానని తను నమ్ముతోందనుకున్నాను. ఆ నమ్మకం చెరిపెయ్యడం ఇష్టం లేక "నీ ఇష్టం" అన్నాను. తనేమో నా కోసం, నేనేమో తన కోసం. మధ్యలో ఆ కార్డు చేసినవాడు బాగుపడేవాడు.

(నేను నమ్మలేదు. నమ్ముతున్నట్టు కనబడాలనుకున్నాను. పిడుగూ, ఇది రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోతున్నాయి, కాస్త ఆగి రాస్తాను.)

మీ వదిన కళ్ళు తుడుచుకుని వచ్చింది. ఇప్పుడు పార్టులు రాసుకో, ఎదురు చెప్పావంటే ఊరుకోను. పెద్ద కార్డు తీసెయ్. చిన్నది చాలు, దాని ఫ్యాను తిరుగుతున్నట్టు కూడా తెలియకూడదు. ర్యామ్ రెట్టింపు పెట్టు, మీ వదిన ఒక్క ఏనుగుకు పొర మీద పొరగా లెక్కలేనన్ని లేయర్లు వేస్తుంది, తెరిచిన ఫైలు ఏదీ మూసే అలవాటు లేదు. మిగిలినదంతా స్క్రీనుకే. మీ కొట్లో మూల పడి ఉన్నది పంపావంటే ఆ మూలకే తిరిగొస్తుంది. రంగు అచ్చులో ఎలా పడుతుందో అలా చూపించేది కావాలి. అద్దంలా మెరవకూడదు, మా బల్ల కిటికీ పక్కనే ఉంది. పంపేముందు రంగులు నువ్వే కూర్చుని సరిచెయ్యి, మీ కొట్లో ఇంకెవరికీ అప్పగించకు. దాంతోపాటు పెన్నుతో గీసే ట్యాబ్లెట్, మోచెయ్యి ఆన్చుకునేంత పెద్దది. క్యాబినెట్ నల్లది వద్దు, దుమ్మంతా కనబడుతుంది. లోపల రంగురంగుల లైట్లు పెట్టావో, అక్కడికొచ్చి చెవి మెలిపెడతాను. ఫ్యాన్ల సంగతి మనకు ఇంకా తేలలేదు, ముందువి గాలి లోపలికే లాగాలి, అంతే. బిల్లు మీ వదిన పేరు మీద రాయి.

(ఈ పేరా రాయడానికి నా వేళ్ళు పడిపోయాయి. అయినా ఇంకో రెండు పేజీలు చెప్పినా రాసేదాన్ని.)

మరి నువ్వేం చేస్తావంటావా. వణికేది చెయ్యి, కన్ను కాదు. అచ్చు కాగితం పక్కన పెట్టుకుని, ఇక్కడ ఎరుపు ఎక్కువైంది, అక్కడ నీలం పోయింది అని మీ వదినను సతాయించే ఉద్యోగం నాకు నేనే ఇచ్చుకున్నాను. జీతం ఏమిటో తను చెప్పడం లేదు. పొద్దున బిల్డర్లకు కూడా నేనే ఫోన్లు చేశాను. ఖాళీ లేదని కాదు, చెయ్యి బాగాలేదు, ఇక చెయ్యలేను అని. మొదటి ఫోన్ కష్టమైంది. రెండోది అంత కష్టం కాలేదు. బాధ లేదని అనను. ఎదురింటి గోడ మీద ఎండ వాలినప్పుడు ఇప్పటికీ ఆ నీడ ఎలా వెయ్యాలా అనే చూస్తాను. చూస్తాను, చూసి బట్టలు ఆరేస్తాను.

ఇంతవరకూ మీ వదిన రాసింది. సంతకం కూడా తనే పెట్టేస్తానంది. వద్దని పెన్ను తీసుకున్నాను. తను కాగితం జరగకుండా రెండు చేతులతో పట్టుకుంది. కింద కోడి గెలికినట్టు ఉన్నది చూసి ఎవరిదోలే అనుకోకు, నేనే.

అన్నయ్య