గోడవైపు తిప్పిన బోర్డు

సుజాతక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నిన్న సాయంత్రం టౌన్ కౌన్సిల్ మీటింగ్‌లో మన వీధి చివరున్న లైబ్రరీ మూసెయ్యాలని ఓటేశారు. శనివారాలు నువ్వు పిల్లలకి తెలుగు కథలు చెప్పిన లైబ్రరీయే. అందరికంటే ముందు చెయ్యెత్తింది మన కిరణ్.

ఎలక్షన్ ముందు మీ ఇంట్లో గుత్తివంకాయ కూర మారు వడ్డించుకుంటూ ఏమన్నాడు? "ప్రాపర్టీ టాక్స్ కాస్త పెంచుతాం గానీ, లైబ్రరీ ఎక్కడికీ పోదక్కా, నాది పూచీ" అన్నాడు. రాసిమ్మందామని నేనంటే, "మనవాడిని కాగితం అడుగుతామా?" అని నన్నే కసిరావు. హెచ్-1బీ వీసా మీదున్నదాన్ని, నాకు ఓటే లేదు. అయినా నీ వెంట ఇల్లిల్లూ తిరిగి, గుమ్మం గుమ్మం దగ్గరా చెప్పులు విప్పి, వాడికి ఓట్లడిగాను.

టాక్స్ పెరిగింది. లైబ్రరీ పోయింది. మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో వాణ్ణి ఆపి అడిగితే, "సుజాతక్క ఉంటే అర్థం చేసుకునేది" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. నువ్వు లేవన్న ధైర్యమక్కా అది.

మీ లాన్‌లో వాడి ఎలక్షన్ బోర్డు నిన్నటిదాకా అలాగే ఉంది. నువ్వు నీ చేత్తో పాతావని బావగారు ఎవర్నీ తియ్యనివ్వలేదు. గడ్డి కోసేవాళ్ళని కూడా పక్కనుంచి పొమ్మనేవారు. ఈ పొద్దున ఆయనే పీకారు. చెత్తలో పడేస్తారనుకున్నాను. తడిగుడ్డతో మట్టి తుడిచి, గరాజ్‌లో నీ చెప్పుల పక్కన, వాడి పేరు గోడవైపు తిప్పి పెట్టారు.

మాధవి