ఒప్పుకోని జగ్గమ్మ

విజయనగరం,
బుధవారం

ఒసే హైమా,

మీ వీసా ఆఫీసులో నాకు ఉద్యోగం ఉందన్నావు, నిజమేనా? నిజమైతే వైజాగ్ వచ్చేస్తాను. ఈ పదేళ్ళలో ఏజెంట్లను నమ్మి గల్ఫులో ఇరుక్కున్నవాళ్ళ కోసం ఎంబసీలకు రాశాను, దిక్కులేని పిల్లల కోసం గార్డియన్ పిటిషన్లు వేశాను. వాళ్ళెవరూ నన్నింత విసిగించలేదు. జగ్గమ్మ విసిగించింది.

గజపతినగరం దగ్గర పల్లె ఆవిడది. కొడుకూ కోడలూ లారీ గుద్ది పోయారు. మనవరాలు రేఖ ఏడో తరగతి. పిల్ల పిన్ని ధనలక్ష్మి మస్కట్‌లో నర్సు. తన దగ్గర ఉంచుకుని చదివిస్తానంటోంది. కోర్టు ఆమెను గార్డియన్‌గా వేస్తేగాని పాస్‌పోర్టు రాదు, వీసా కదలదు. నేను ధనలక్ష్మి తరఫు లాయర్ని. నాయనమ్మ ఒప్పుకుంటే ఒక్క వాయిదాలో తేలిపోవలసిన కేసు.

నా ఆఫీసులో కూర్చున్నంతసేపూ ఆవిడ ఒప్పుకుంటుంది. తనకు గుండెజబ్బనీ, తన తర్వాత పిల్లకు ఎవరూ లేరనీ తనే చెబుతుంది. పిల్లకు పెరుగు పడదని ధనలక్ష్మికి ఫోనులో జాగ్రత్తలు కూడా చెబుతుంది. తీరా కోర్టులో జడ్జిగారు అడగ్గానే "నానొప్పుకోను బాబూ" అంటుంది. ఇప్పటికి మూడుసార్లు. ధనలక్ష్మి సెలవు పెట్టి వచ్చినప్పుడల్లా ఏడుస్తూ వెళ్తోంది. నిన్న జడ్జిగారు అందరి ముందూ నన్ను మందలించారు. ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదే.

శుక్రవారం ఆఖరి వాయిదా. అది కాగానే నా సామాను సర్దుకుంటాను.

విసిగిపోయిన నీ
ఈశ్వరి

విజయనగరం,
ఆదివారం

హైమా,

నేను రావడం లేదు, తిట్టుకో. విసుగు పోయిందనుకోకు. ఈ జిల్లా జనం అసలు మాట ఆఖరి వాయిదా దాకా బయటపెట్టరు.

శుక్రవారం కోర్టు వరండాలోనే జగ్గమ్మను నిలదీశాను. పిల్ల బతుకుతో ఆడుకుంటున్నావా అని గట్టిగానే అడిగాను. ఆవిడ కోప్పడలేదు. రేఖను నీళ్ళు తెమ్మని పంపి, గొంతు తగ్గించింది.

"మా రేఖ గుంట ఎల్లాలమ్మా. నాను సచ్చినాక దానికెవులున్నారు? కానీ నానొప్పుకున్నానని కాగితంలో రాత్తే, రేపు పెద్దయ్యాక అది సదువుకుంటాది. అమ్మా నాన్నా పోనారు, నాయనమ్మ కూడా ఒగ్గీసింది అనుకుంటాది. నాను కాదన్నాను, కోర్టే పంపించీసిందని రాయించు."

ఇన్నాళ్ళూ ఆవిడ ఓడిపోవడానికే వస్తోందే! మేమేమో ఆవిడ్ని ఒప్పించాలని వాయిదాలు అడుగుతూ పోయాం. ముందే చెప్పొచ్చు కదా అంటే, "ఒప్పుకో ఒప్పుకో అన్నారు గానీ, ఎందుకని ఎవులడిగేరు?" అంది.

ధనలక్ష్మితో చెప్పి, ఆమెనూ జగ్గమ్మనూ జడ్జిగారి ఛాంబర్‌కు తీసుకెళ్ళాను. ఆయన అంతా విని రేఖను ఒక్కదాన్నే పిలిచి అడిగారు. పిన్ని దగ్గరికి వెళ్తాను, సెలవులకు నాయనమ్మ దగ్గరికి పంపాలి అందట. ఆర్డరులో అలాగే రాశారు. నాయనమ్మకు పిల్లను విడవడం ఇష్టం లేదనీ, పిల్ల మేలు కోరి కోర్టే ఆమె అభ్యంతరాన్ని తోసిపుచ్చిందనీ కూడా రాశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

జగ్గమ్మకు తెలుగులో చెప్పాను. తోసిపుచ్చడమంటే ఏటమ్మా అని అడిగింది. నువ్వు ఓడిపోయావని అన్నాను.

"అయితే సరే" అంది. అప్పుడు రేఖను దగ్గరికి లాక్కుని ఏడ్చింది. ఇన్ని వాయిదాల్లో ఆవిడ కళ్ళు తడవడం నేను చూడలేదు.

నీ
ఈశ్వరి