మాత్ర అడ్డం పడిన రోజు

ఏవండీ,

మీరు పోయి నేటికి ఏడాది. పొద్దున సింగపూర్‌లోని మన ఆంగ్ మో కియో ఇళ్ల బ్లాకు కింద ప్రథమ చికిత్స నేర్పుతుంటే వెళ్లాను. మాత్ర గొంతుకు అడ్డం పడి మాట రాకపోతే నీళ్లు పట్టకూడదట. మనిషిని ముందుకు వంచి, వీపు మీద భుజాల మధ్య అరచేత్తో ఐదుసార్లు గట్టిగా కొట్టాలట.

ఆ రోజు పెద్ద మాత్ర మింగలేనని మీరంటే, "చిన్నపిల్లాడిలా ఏంటండీ" అని నవ్వాను. తర్వాత మీరు గొంతు పట్టుకుని నావైపు చూశారు. నేను గ్లాసు అందించాను. మీరు నన్ను నమ్మి తాగబోయారు.

నేర్పే తెలుగమ్మాయి నా ముందు మనిషంత బొమ్మను పెట్టి, "ఇంకా గట్టిగా కొట్టండి ఆంటీ, భయం వద్దు లా" అని ఇక్కడి సింగపూర్ యాసలో అంది. కొట్టాను. ఐదు దాటినా నా చెయ్యి ఆగలేదు. చివరికి ఆ అమ్మాయే నా చెయ్యి పట్టుకుని మెల్లగా, "చాలు ఆంటీ, బయటికి వచ్చేసింది" అంది.

మీ
సుశీల