మ్యాప్‌లో లేని చోటు

మే 6, మంగళవారం

టీమ్‌లో ఎవరూ ముట్టని ఫైల్ ఒకటి ఇవాళ మా లీడ్ శ్రీవత్స నాకు అంటగట్టాడు. మా కంపెనీ ఆక్సిజన్ మిషన్ బోర్డు ఆన్ కాగానే, దాన్ని నడిపే కెర్నల్ ప్రోగ్రామ్‌కి మెమరీ ఎక్కడుందో తెలియదు. అసలు మ్యాప్ తయారయ్యేదాకా ఒక తాత్కాలిక మ్యాప్ గీసి చేతిలో పెట్టాలి. అందులో లేనిది దానికి లోకంలోనే లేనట్టు. అది గీసే కోడ్ ఇది. అతుకుల బొంత. రాసినవాళ్లంతా కంపెనీ వదిలి వెళ్లిపోయారు. అవసరం లేనిది పీకెయ్, భయపడకు అన్నాడు. నేను భయమని అననేలేదు.

మే 9, శుక్రవారం

ఆ మ్యాప్‌లోంచి ఒక లైన్ తీసేశాను. మెమరీ పైభాగంలో పెద్ద ముక్కని చూపించే లైన్. ఎందుకుందో కామెంట్ లేదు, ఎవరూ వాడుతున్నట్టూ లేదు. తీసేసి రోజంతా రీసెట్ బటన్ నొక్కుతూ కూర్చున్నాను. నొక్కిన ప్రతిసారీ బోర్డు లేచింది. చాలా నీట్‌గా చేశావ్ అన్నాడు శ్రీవత్స.

మే 12, సోమవారం

బాపు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఎప్పుడో టీబీ తినేసి వదిలిన ఊపిరితిత్తులు. ముక్కులో ట్యూబ్ తీస్తే బాత్రూమ్ దాకా నడిచేలోపే పెదవులు నల్లబడతాయి. ట్రయల్ పేరుతో ఆఫీసు మిషన్ ఒకటి అడిగి తీసుకున్నాను. నా కొత్త కోడ్ ఎక్కించి, నడుస్తున్నదాన్ని అలాగే బ్యాటరీ మీద ఆటోలో తెచ్చాను. ఆ కోడ్‌తో ఆఫీసు దాటిన మిషన్ ఇదొక్కటే. నా బిడ్డ చేసిన గాలి, మస్తు సల్లగున్నది అని బాపు వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాడు. అమ్మ అప్పుడే ఇంట్లో ఉన్న పాత ఆక్సిజన్ సిలిండర్‌ని పక్కింటి సత్తెమ్మ మొగుడికి ఇచ్చేసింది. మనకు మిషన్ వచ్చె కద, ఇంక గా బండ ఎందుకు అంది.

మే 15, గురువారం

ఆఫీసులో బోర్డులు లేవలేదు.

మే 16, శుక్రవారం

నిన్న యూపీఎస్ బ్యాటరీలు మార్చడానికి మెయిన్ ఆపారు. మళ్లీ వేస్తే నా కోడ్ ఉన్న బోర్డులన్నీ నల్లగా ఉండిపోయాయి. ఎర్రర్ లేదు, ఒక్క అక్షరం లేదు. అరవడానికి స్క్రీన్ కూడా మ్యాప్‌లో ఉండాలి. అంతకన్నా ముందే చచ్చిపోయాయి.

ఎందుకో ఇవాళ దొరికింది. బోర్డులో ఏమేం పరికరాలున్నాయో, కెర్నల్‌ని లేపే లోడర్ మెమరీలో ఒక చోట రాసి కెర్నల్‌కి అందిస్తుంది. రీసెట్ చేస్తే ఆ చోటు మెమరీ కిందిభాగంలోనే ఉంటుంది. పూర్తిగా ఆరి వెలిగితే మెమరీ పైభాగంలో పడుతుంది. నేను పీకేసిన చోట. మా ఆఫీసులో కరెంటు పోదు, ప్లగ్ పీకి చూడాలని ఎవరికీ తట్టలేదు. తరచూ కరెంటు పోయే పాతబస్తీలో పుట్టి పెరిగినదాన్ని, నాకైనా తట్టాలా వద్దా!

పీకిన లైన్ తిరిగి పెట్టాను. ప్లగ్ పీకి, పెట్టి, పీకి చూశాను. లేస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.

ఇంట్లో మిషన్ మాత్రం నా తప్పుడు కోడ్ మీదే నడుస్తోంది. నడిచినంతసేపూ ఏం కాదు. పూర్తిగా ఆరితే మళ్లీ లేవదు. సరైనది నడుస్తుండగానే ఎక్కించాలి, ఎక్కేదాకా కొన్ని నిమిషాలు గాలి ఆగుతుంది. సిలిండర్ లేకుండా ముట్టుకోవద్దు అన్నాడు శ్రీవత్స. చాంద్రాయణగుట్ట షాపువాళ్లు కిరాయి సిలిండర్ రేపు ఇస్తామన్నారు.

ఇంట్లో చెప్పలేదు. ప్లగ్ చుట్టూ ప్లాస్టర్ అంటించాను. గిదేంది, ప్లగ్గుకు దెబ్బ తాకిందా అని అమ్మ నవ్వింది.

మే 17, శనివారం

షాపులో నిలబడి ఉండగానే మబ్బు కమ్మింది. సిలిండర్ల బండి ఫ్లైఓవర్ కింద ఇరుక్కుందట. ఫికర్ నక్కో కరో బేటీ అని ధైర్యం చెప్పాడు షాపు భాయ్. అప్పుడే ఉరిమింది. ఉరిమితే మా అమ్మ ఇంట్లో ఒక్క ప్లగ్‌నీ గోడకి ఉండనివ్వదు. ఒకసారి పిడుగుకి టీవీ కాలింది మరి. ఫోన్ చేస్తే ఎత్తదు, ఉరుముల్లో ఫోనూ ముట్టదు.

ఆటోలో తడుస్తూ ఇల్లు చేరేసరికి ప్లాస్టర్ గోడకి వేలాడుతోంది. మిషన్ బ్యాటరీ మీద కూతపెడుతోంది. పిడుగు పడితే నీ మిషన్ కాలిపోదా, బ్యాటరీ ఉన్నది కద అంది అమ్మ గొప్పగా. ప్లగ్ తిరిగి పెట్టాను. అదే క్షణంలో కరెంటు పోయింది. బస్తీ మొత్తం. స్తంభం కూలిందట.

సత్తెమ్మ ఇంటికి ఉరికాను. సిలిండర్ ట్యూబ్ ఆమె మొగుడి ముక్కులోనే ఉంది. వెనక్కి వచ్చేశాను.

బ్యాటరీ కొంచెమే మిగిలింది. అదీ అయిపోతే, కరెంటు వచ్చినా మిషన్ లేవదు. కొత్తది ఇప్పుడే ఎక్కించాలి. ఇద్దరికీ అంతా చెప్పేశాను, తప్పు నాదేనని కూడా. లొల్లి పెడుతుందనుకున్న అమ్మ క్యాలెండర్ అట్ట తీసుకుని బాపు పక్కన కూర్చుంది, విసరడానికి.

కరెంటోని చేతుల ఆగేకంటె నా బిడ్డ చేతుల ఆగితేనే నయం అన్నాడు బాపు. ట్యూబ్ తనే తీసేశాడు.

పెన్‌డ్రైవ్ పెట్టాను. ఆపాను.

మే 18, ఆదివారం

లేచింది.

బ్యాటరీ అయిపోకముందే కరెంటూ వచ్చింది. మిషన్ లేచేలోపు బాపు నా చెయ్యి పట్టుకుని, నువ్వెందుకు దమ్ము పట్టినవ్, ఇడువు బిడ్డా, ఇడువు అన్నాడట. రెండుసార్లు అన్నాడట. పొద్దున, బాపు నిద్రలో ఉండగా, అమ్మ చెప్పింది. నాకు ఒక్క మాటా వినబడలేదు.