పైకప్పు తట్టే వేషం

బాపుకు, నీ పెద్దకొడుకు తిరుపతి కాళ్లకు దండం పెట్టి దోహా నుంచి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ అవ్వా బాగుండాలి. నీ దగ్గు తగ్గిందా? అవ్వ మోకాలు ఎలా ఉంది? కొండగట్టు మొక్కు తీర్చాలని మళ్లీ తొందరపడుతోందట. అంజన్న ఎక్కడికీ పోడు, నొప్పి తగ్గాకే మెట్లెక్కమని చెప్పు. నా మాట వినదు. నీ మాటైతే సగమైనా వింటుంది.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకని అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు "మీ అవ్వకిస్తున్న" అని తప్పుకుంటావు. రెండేళ్లుగా నీ నోటి నుంచి నేను విన్నది ఆ రెండు మాటలే. ఉత్తరమైతే చివరిదాకా నీ చేతిలోనే ఉంటుంది కదా. అందుకే నస్పూర్ లచ్చన్న సెలవు మీద వస్తుంటే అతని చేతికిచ్చి పంపుతున్నాను. రాసే అలవాటు తప్పి బడిలో నేర్పిన భాషే వస్తోంది, నవ్వుకోకు.

పని సంగతి చెబుతాను. చేపలు, కోళ్లు, కూరగాయలు దాచే చల్లటి గోదాములో పెట్టెలు ఎత్తి అరల్లో సర్దడమే పని. బయట నిప్పులు చెరిగే ఎండ, లోపల పళ్లు కొరికే చలి. శ్రీరాంపూర్‌లో సంక్రాంతి చలికి కూడా వేసుకోని స్వెట్టరు ఎడారికి వచ్చి వేసుకుంటున్నాను. దూరపు కొండలు నునుపని నువ్వు ముందే అన్నావు. నిజమే, కానీ మరీ అంత గరుకుగా కూడా ఏం లేదు. జీతం సమయానికి వస్తోంది. మెస్సులో అన్నం పెడతారు, పప్పు నీళ్లలా ఉంటుంది. అవ్వ చేతి కారప్పొడి ఉంటే ఆ పప్పు కూడా దిగుతుంది. లచ్చన్న తిరిగి వచ్చేటప్పుడు ఒక సీసా పంపమను, నా గురించి మాత్రం ఫికర్ చేయొద్దను.

మొదట్లో శుక్రవారాలే కష్టంగా ఉండేవి. సెలవు రోజు, గదిలో ఫ్యాను చూస్తూ పడుకుంటే అందరూ గుర్తుకొచ్చేవారు. ఇప్పుడు ఆ బాధ లేదు. శుక్రవారం మధ్యాహ్నం మేము నలుగురం ఒక ఆట ఆడుతున్నాము. పేకాట అనుకోకు, పైసలు పెట్టేది లేదు.

అది అచ్చం భాగోతంలో వేషం కట్టినట్టే, కాకపోతే కూర్చొని ఆడేది. ఒకడు కథ నడిపిస్తాడు. మా దగ్గర ఆ పని జోయెల్‌ది, ఫిలిప్పీన్స్ మనిషి, గోదాములో లెక్కలు రాస్తాడు. మిగిలినవాళ్లం కథలో మనుషులం. కత్తి పట్టే వీరుడు, మంత్రగాడు, తాళాలు తీసే దొంగ, గాయాలు మాన్పే వైద్యుడు, ఇలా ఎవరి వేషం వాళ్లు ముందే ఎంచుకోవాలి. వీరుడు మంత్రం వేయలేడు, మంత్రగాడు ఒక దెబ్బకే పడిపోతాడు. "గుహ ముందు నిలబడ్డారు, ఏం చేస్తారు?" అని జోయెల్ అడుగుతాడు. మనం చెప్పాలి. జరుగుతుందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది, పెద్ద అంకె పడితే జరిగినట్టు, చిన్నది పడితే లేనట్టు.

వేషం ఏదైనా ఆడే తీరులో మనిషి బయటపడతాడు బాపూ. హుస్నాబాద్ ఇస్మాయిల్ భాయ్ ఏసీలు బాగుచేస్తాడు. బయట రోడ్డు దాటాలన్నా నాలుగుసార్లు అటూ ఇటూ చూసే మనిషి. ఆటలో మాత్రం వీరుడి వేషం, ఎవరు కనపడితే వాళ్ల మీదికి దూకుతాడు. ఏండ్ల నుంచి లోపల అణచుకున్న మనిషి వాడేనేమో. కేరళ బిజు మంత్రగాడు. పుస్తకంలో ఏముందో చూడకుండా మంచినీళ్లు కూడా తాగడు. నేనూ వీరుడినే తీసుకున్నాను, కానీ ఎప్పుడూ వెనకే నిలబడేవాడిని. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. నీకు ఈ వేషం నప్పలేదని జోయెల్ రెండుమూడు సార్లు అన్నాడు.

మొన్నటి శుక్రవారం సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ఇస్మాయిల్ భాయ్ నమాజు చేసి వచ్చాడు, భోజనాలయ్యాయి, ఆట మొదలైంది. కథలో పాత వెండి గని ఒకటి, లోపల ఒక మృగం, దాని దగ్గర చిక్కుకున్న ముగ్గురు పిల్లలు. చీకటి సొరంగం, పైనుంచి నీటి చుక్కలు, పుచ్చిపోయిన పాత కర్రలు అని జోయెల్ వర్ణిస్తున్నాడు. ఇస్మాయిల్ భాయ్ కత్తి దూసి పరుగెడతానన్నాడు. నాకు తెలియకుండానే నా నోరు లేచింది.

"ఆగు భాయ్, కప్పు సూడకుంట లోపల కాలు పెట్టద్దు."

అందరూ నా వైపు చూశారు. కత్తి పిడితో పైకప్పు తట్టి చూస్తానన్నాను. గట్టి కప్పు కంగుమంటుందని, వదులైన కప్పు పగిలిన కుండలా మోగుతుందని చెప్పాను. వీరుడు కప్పు తట్టవచ్చని పుస్తకంలో ఎక్కడా లేదని బిజు అడ్డుపడ్డాడు. జోయెల్ పుస్తకం మూసేసి పాచిక నా చేతిలో పెట్టాడు. పాచిక వేసి తట్టాను. వదులుగా ఉందన్నాడు.

ఇక నేను ఆగలేదు. అడవికి పోయి దుంగలు కొట్టుకొచ్చి, ఒక్కొక్కటీ నిలబెట్టి, దుంగకూ కప్పుకూ మధ్య మేకు బిగించి, మళ్లీ తట్టి, మళ్లీ నిలబెట్టి గంటసేపు అదే పని. ఇస్మాయిల్ భాయ్‌కి ఓపిక పోయింది. "లోపల పిల్లలు సస్తుంటే నువ్వు కర్రలు పాతుకుంట కూసుంటవా? గిది ఆటనా, కూలిపనా?" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో నీకు తెలుసు బాపూ. ఇంతకంటే పాడుమాట నేను నిన్ను అన్నాను. నువ్వు ఆరోగ్యం బాగాలేక మెడికల్ మీద దిగిపోయి బొగ్గుబాయిలో నీ ఉద్యోగం నాకు ఇప్పిస్తానన్న రోజు, నీతో పనిచేసే జోడీదార్లు నలుగురూ మన వాకిట్లో ఉండగా, "బతుకంత కర్రలు నిలవెట్టినవ్, ఒక్క పెళ్ల బొగ్గు తియ్యలే, గా పని నాకెందుకు" అన్నాను. నువ్వు చాయ గ్లాసులు ఎత్తుకొని లోపలికి పోయావు. ఆ రోజు నుంచే మాట్లాడడం మానేశావు.

కథ పూర్తి చేస్తాను. లోపలికి పోయాము, ఇస్మాయిల్ భాయ్ మృగాన్ని కొట్టాడు, పిల్లలు దొరికారు. వాళ్లను తీసుకొని తిరిగి వస్తుంటే కప్పు చిటపటలాడుతోందని జోయెల్ చెప్పాడు. కర్రలు కాసేపే ఆగుతాయి, ఎవరు ముందు, ఎవరు తర్వాత అని అడిగాడు. పిల్లలు ముందు, తర్వాత బిజు, తర్వాత ఇస్మాయిల్ భాయ్, అందరి తర్వాత నేను అన్నాను. జోయెల్ మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అదే చెప్పాను. పాచిక వేస్తే రెండు పడింది. అందరూ బయటపడ్డారు, కప్పు కూలి నా వీరుడు లోపలే ఉండిపోయాడు.

ఇస్మాయిల్ భాయ్ కోపం అంతా పోయింది. "అరే తిరుపతీ, కర్రలు పెట్టినోనివి నువ్వే, ముందుగాల నువ్వు ఉరకద్దా?" అన్నాడు.

"మా బాపు ఎప్పుడు గూడ బాయిల నుంచి అందరు ఎక్కినంకనే ఎక్కేటోడు భాయ్" అన్నాను.

అన్నాక నాకే అర్థమైంది. షిఫ్టు దిగి అందరి నాన్నలూ వచ్చేవారు, నువ్వే ఆఖరు. అన్నం చల్లారిపోయిందని అవ్వ గొణిగేది. దారిలో ఎవరితోనో ముచ్చట్లు పెట్టి ఉంటావని నేనూ అనుకునేవాడిని. నీ కర్రల కింద ఆఖరి మనిషి దాటేదాకా నువ్వు అక్కడే నిలబడేవాడివని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అంగట్లో కుండ తట్టి, క్వార్టరు గోడ తట్టి, చెల్లె పెళ్లిలో ఫంక్షన్ హాలు స్తంభం కూడా తట్టి చూశావు. వియ్యంకుల ముందు నాకు సిగ్గేసింది. ఇప్పుడు నేను గోదాములో పెట్టెల వరుస కిందికి పోయేముందు తట్టి చూసుకుంటున్నాను.

ఆ రోజు స్నానాల గదిలోకి పోయి ఏడ్చాను. దాచుకోవలసిందేముంది. నేను ఆ ఉద్యోగం వద్దన్నందుకు ఇప్పటికీ బాధ లేదు, అది నాది కాదు. నీ పనిని చిన్నది చేసి మాట్లాడినందుకు మాత్రం తప్పైంది బాపూ. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురికీ చదివి వినిపించినా సరే.

అవ్వకు నా దండాలు. చెల్లెకు, బావకు అడిగానని చెప్పు. నీ జోడీదార్లకు పేరుపేరునా నమస్కారాలు. నీ దీవెన ఉంటే నాకు ఏ లోటూ లేదు.

ఒక్క పని మిగిలింది. నా వీరుడు పోయాడు కాబట్టి కొత్త వేషం రాసుకోమని జోయెల్ నాకు కొత్త కాగితం ఇచ్చాడు. వేషం అన్న చోట వీరుడు, మంత్రగాడు ఏదీ రాయలేదు, టింబర్‌మన్ అని నీ పని పేరే రాశాను. అలాంటి వేషం ఆటలోనే లేదట, దాని నియమాలు మనమే రాసుకోవాలట. దుంగకూ దుంగకూ ఎన్ని అడుగులు, మేకు ఎంత బిగించాలి, కప్పు వదిలేముందు ఎలా మోగుతుంది అని బిజు కలం పట్టుకొని కూర్చున్నాడు. నాకేం తెలుసు? మా బాపును అడిగి చెబుతానన్నాను. ఉత్తరం చేరాక వచ్చే శుక్రవారం మన మధ్యాహ్నం భోజనాల వేళకు ఫోన్ చేస్తాను. ముగ్గురూ నా పక్కనే కూర్చొని ఉంటారు. ఆ రోజు మాత్రం ఫోన్ అవ్వకు ఇవ్వకు బాపూ. ఆమెకు ఆ పని తెలియదు.

నీ కొడుకు
తిరుపతి